ఊళ్ళోంచి రావలసిన కార్డు

రేడియో సాయిబు గారు పోయిన సంగతి ఊళ్ళో అందరికన్నా ముందు తెలిసినవాళ్ళలో నేనొకణ్ణి. తడలో ఉన్న బాబాయికి తంతి ఇవ్వమని ఆయన కూతురు కాగితం రాసి పంపింది. పోస్టాఫీసు గుమాస్తాకు పరుల చావులు మామూలే. తంతి కొట్టి మిగతా పని చూసుకున్నాను. కానీ ఆయనకు చెప్పవలసిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది.

ఆయన ఓడల్లో వైర్‌లెస్ పని చేసి, వాకాడు దగ్గరున్న మా ఊరొచ్చి రేడియోలు బాగుచేసేవారు. లైసెన్సు తీసుకుని ఇంట్లో సొంత సెట్టు పెట్టుకున్నారు. టకటకమని మీట నొక్కుతూ ముక్కూమొహం తెలియని దేశాలవాళ్ళతో మాట్లాడేవారు. మాట్లాడిన ప్రతివారికీ అచ్చుకార్డు పంపేవారు: ఫలానా రోజు, ఫలానా వేళ, మీరు నాకింత బాగా వినపడ్డారని. వాళ్ళూ అలాగే పంపాలి.

"మాట్లాడినారు గదా, మళ్ళీ కార్డెందుకు సాయిబు గారూ?" అని అడిగాను ఒకసారి.

"నేను విన్నానంటే చాలదబ్బయ్యా. అవతలాయన గూడా అవునంటేనే అది జరిగినట్టు" అన్నారు.

ఆ కార్డులు కట్టలు కట్టుకుని ఓడల మీద తీరిగ్గా వచ్చేవి. ఒక్కోదానికి ఏడాది పట్టేది. వచ్చిందని చెబితే, చేతులకంటిన మసి లుంగీకి తుడుచుకుని అందుకునేవారు.

పాకిస్తాన్‌తో యుద్ధమొచ్చినప్పుడు పోలీసులు ఆయన సెట్టుకు సీలు వేశారు. ఆ వారంలోనే ఒక కార్డొచ్చింది. 'మీతో మాట్లాడినందుకు సంతోషం' అని ఇంగ్లీషులో ఉంది. సీలు వేసినా మాట్లాడుతున్నాడనుకుని, తిన్నగా స్టేషనుకు పోయి కార్డు ఇచ్చి వచ్చాను. మాట్లాడిన తేదీ అందులోనే ఉంది. నేను చూడలేదు. అదే కార్డు మా వీధి మాస్టారి పేరున వచ్చుంటే చూసేవాణ్ణే. ఇది తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆయన్ని మూడు రోజులు స్టేషనులో కూర్చోబెట్టారు. కార్డు మీదున్నది యుద్ధానికి తొమ్మిది నెలల ముందు తేదీ. ఆయన పుస్తకంలోనూ అదే ఉంది. వదిలేశారు.

మర్నాడు పోస్టాఫీసుకొచ్చి, తన అచ్చుకార్డొకటి నా బల్ల మీద పెట్టారు. దాని మీద నా పేరు, నేను స్టేషనుకు పోయిన తేదీ, కింద 'స్పష్టంగా వినపడింది' అని ఉన్నాయి.

నేను దాన్ని గబుక్కున సొరుగులోకి తోశాను.

"తొందరేం లేదబ్బయ్యా. కార్డులు నిదానంగానే వస్తాయి" అని వెళ్ళిపోయారు.

ఇంటికి పోయి దాన్ని పొయ్యిలో పెట్టాను. తరవాత నాలుగేళ్ళూ ఆయన ఎప్పటిలాగే వచ్చేవారు, నా పిల్లల్ని పేరుపేరునా అడిగేవారు. ఆ సంగతి మాత్రం ఎత్తలేదు. తిట్టుంటే బాగుండేది.

మట్టిచ్చిన వారానికి, ఆయన రాసిపెట్టిన కార్డులకు చిరునామాలు సరిచూడమని కూతురు పిలిచింది. తండ్రి పుస్తకం ముందు పెట్టింది. ప్రతి పేరు పక్కనా రెండు గళ్ళు, పంపాను, వచ్చింది అని.

"దూరానివన్నీ వచ్చేసినాయన్నా. ఊళ్ళోదే ఒకటి రావాలంటా ఉండె నాయన. ఎవరిదో చెప్పలా" అంది.

పేజీలు తిప్పితే నా పేరు కనబడింది. ఒక ఖాళీ కార్డు అడిగి, అక్కడే కూర్చుని ఆ తేదీ వేసి, 'అవును, చెప్పింది నేనే' అని రాసి ఆమెకిచ్చాను.

ఆమె రెండుసార్లు చదివింది. నా వైపు చూడలేదు. కలం తీసుకుని రెండో గడిలో ఆనాటి తేదీ వేసింది. సిరా ఆరేదాకా పుస్తకం మూయకుండా అట్లాగే పట్టుకుని కూర్చుంది.