పోగొట్టుకున్నట్టు రాసిచ్చిన గొలుసు

మా పేటలో దొంగతనాలు లేవని నేను చాలాకాలం నమ్మాను. నెల్లూరు ఎంత పెరిగినా మా వీధిలో అందరూ తెలిసినవాళ్ళే. తలుపు దగ్గరికి వేసి కూరగాయలకు వెళ్ళొచ్చేదాన్ని. నేను వెంకటాచలం దగ్గర ఒక బడిలో తెలుగు చెబుతాను. సాయంత్రం బస్సు దిగి కాలవ గట్టు మీద పది నిమిషాలు నడిస్తే ఇల్లు. పదహారేళ్ళుగా అదే దారి.

ఆ మధ్య ఒక సాయంత్రం, వాన వెలిసి ఇంకా వెలుతురు ఉండగానే, వెనక నుంచి ఒక బండి వచ్చి నా పక్కన నెమ్మదించింది. దాని మీద ఇద్దరు, ఇద్దరూ హెల్మెట్లు పెట్టుకున్నారు. వెనక కూర్చున్నవాడు మర్యాదగా అడిగాడు.

"అక్కా, బస్టాండుకు ఇట్ట పోవచ్చా?"

దారి చూపించడానికి చెయ్యెత్తాను. అంతలో వాడి చెయ్యి నా మెడ మీద పడింది. గొలుసు ఒక్కసారిగా తెగలేదు. రెండడుగులు నన్ను ఈడ్చి, తర్వాత తెగింది. నేను మోకాళ్ళ మీద పడి, లేచి చూసేసరికి బండి వంతెన దాటిపోయింది.

అది మా అమ్మ గొలుసు. వాకాడు దగ్గర పల్లెలో బడి ఆయాగా పనిచేసిన మా అమ్మ, నాకు ఉద్యోగం వచ్చిన రోజు తన మెడలోంచి తీసి నా మెడలో వేసింది. ఆమె పోయాక ఒక్కరోజు కూడా నేను దాన్ని తియ్యలేదు.

మా ఆయనతో కలిసి స్టేషనుకు వెళ్ళాను. అక్కడి హెడ్ కానిస్టేబుల్ మా చర్చి సంఘంవాడే. ఆదివారం ఆరాధనలో పాటలు నడిపించేది అతనే. అతని భార్య మొదటి కాన్పులో రక్తం కావాలంటే ఇచ్చింది నేను. అప్పటినుంచి అతనికి నేను అక్కనే. అతన్ని చూడగానే నాకు ఏడుపొచ్చింది. అతను లేచి కుర్చీ వేశాడు, నీళ్ళు తెప్పించాడు, మోకాళ్ళకు మందు రాయించాడు. ఆ తర్వాత తెల్లకాగితం నా ముందు పెట్టాడు.

"అక్కా, లాక్కోని పోయినారని రాస్తే కేసవుతుంది. కోర్టులెంబడి నువ్వు తిరగలేవు. బడి మానుకోని పోవాల. పోగొట్టుకున్నానని రాసియ్యి. వెతికేది ఎట్ట రాసినా మేమే గదా. నేను చూసుకుంటా."

"అదేంది, లాక్కోని పోయింటే జారిపోయిందని ఎట్ట రాస్తాది?" అన్నాడు మా ఆయన.

"బావా, నా మీద నమ్మకం లేదా?"

ఆ మాటతో మా ఆయన ఊరుకున్నాడు. నేను రాశాను. 'నడుచుచుండగా గొలుసు ఎక్కడో జారిపోయినది. ఎవరి మీదా అనుమానము లేదు.' పిల్లల వాక్యాలు దిద్దే చేత్తోనే ఆ రెండు వాక్యాలూ రాసి కింద సంతకం పెట్టాను. వచ్చేటప్పుడు అతను గేటు దాకా వచ్చాడు.

"ఎవురికీ చెప్పబాకక్కా. ఆ దారిలో నిఘా పెడతుండాం. విషయం పాకితే వాళ్ళు జాగ్రత్త పడిపోతారు."

సరేనన్నాను. మరునాటి నుంచి ఆటోలో, పెద్ద రోడ్డు మీదుగా ఇంటికి రావడం మొదలుపెట్టాను. మెడ మీద ఎర్రటి గీత ఏమిటని బడిలో అడిగితే ఎలర్జీ అని చెప్పాను.

మా ఇంటి కింది వాటాలో చిట్టమూరు వైపు నుంచి వచ్చిన ఒక నర్సు అద్దెకు ఉండేది. ఇద్దరు చిన్నపిల్లల తల్లి. భర్త లారీ మీద పోయేవాడు. వంకాయ కూర చేస్తే గిన్నెలో పెట్టి పైకి తెచ్చేది. నాకు దెబ్బ తగిలిన పది రోజులకు ఆమె డ్యూటీ మారింది.

"అక్కా, ఇంక సాయంత్రం ఐదున్నరకు బస్సు దిగాల నేను. కాలవ గట్టు మీద రావచ్చునా? నువ్వు రోజూ నడస్తావు గదా."

మెట్ల మీద నిలబడి ఒక్క క్షణం తడబడ్డాను. నిఘా పెడుతున్నామన్న మాట గుర్తొచ్చింది. ఇచ్చిన మాట కూడా గుర్తొచ్చింది.

"ఏం గాదులే, రావచ్చు," అన్నాను.

ప్రతి ఆదివారం అతను ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చి, "వందనాలక్కా, మన పని మీదనే ఉండాము," అనేవాడు. కొన్ని వారాల తర్వాత వందనాలు మాత్రమే మిగిలాయి. గొలుసు మాట నేనెత్తితే ఎవరో పిలిచినట్టు అటు తిరిగేవాడు.

అప్పుడే మా పేటలో ఒక కల్యాణ మండపంలో మహిళల భద్రత మీద సభ పెట్టారు. చుట్టుపక్కల టీచర్లందరినీ రమ్మన్నారు. వందన సమర్పణ నాకు అప్పగించారు. పెద్ద పోలీసు అధికారి ఒకాయన మైకు ముందు నిలబడి, ఈ స్టేషను పరిధిలో ఈ ఏడాది గొలుసు దొంగతనం కేసు ఒక్కటి కూడా లేదనీ, ఆడవాళ్ళు నిర్భయంగా తిరగవచ్చుననీ చెప్పాడు. హాలంతా చప్పట్లు. గోడ పక్కన నిలబడ్డ హెడ్ కానిస్టేబుల్ కూడా కొట్టాడు. నేను అతని వైపే చూస్తున్నాను. అతను వేదికనే చూస్తున్నాడు.

నేను రాసిచ్చిన కాగితం ఎందుకు పనికొచ్చిందో అప్పుడు అర్థమైంది. అయినా లేచి, మైకు పట్టుకుని, వేదిక మీది పెద్దలందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నాను. ఆ రోజు నేను నోరు విప్పి ఉండాల్సింది.

సభ అయిన నాలుగో రోజు సాయంత్రం ఆస్పత్రి నుంచి ఫోను. మా కింది వాటా అమ్మాయి కాలవ గట్టు మీద పడిపోయిందన్నారు. వెళ్ళేసరికి భుజానికి కట్టు కట్టి మంచం మీద పడుకోబెట్టి ఉన్నారు. కాలర్ బోన్ విరిగింది. మెడలో తాళి లేదు.

"బండి మీద వచ్చినారక్కా ఇద్దురు. బస్టాండుకు దారేదని అడిగినాడు. నేను చెయ్యెత్తినాను..."

"నన్నూ అట్నే అడిగినాడు," అన్నాను. నోట్లోంచి వచ్చేసింది.

ఆమె కళ్ళు నా మెడ మీదికి వచ్చాయి.

"ఎప్పుడక్కా?"

"రెండు నెలలైంది."

"మరి నేనడిగినప్పుడు ఏం గాదన్నావే," అని గోడ వైపు తల తిప్పుకుంది. తప్పైపోయిందని ఎన్నిసార్లు అన్నానో గుర్తులేదు. ఆమె తల మళ్ళీ ఇటు తిప్పలేదు.

ఆస్పత్రి నుంచి నేరుగా స్టేషనుకు వెళ్ళాను. అతను బల్ల దగ్గరే ఉన్నాడు.

"నిఘా పెట్టినామన్నావు. యాడ పెట్టినావు? ఎవుర్ని పెట్టినావు?"

"అక్కా, నెమ్మది."

"నా కేసు బయటికి తియ్యి. ఆ పిల్లది నాది కలిపి రాయి."

అతను బీరువా తీసి నా కాగితం బల్ల మీద పెట్టాడు. "కేసు యాడుందక్కా? జారిపోయిందని నీ చేత్తోనే రాసిచ్చినావు గదా. ఇప్పుడు మాట మార్చితే నీకే ఇబ్బంది." తర్వాత గొంతు తగ్గించాడు. "మా సార్లు కేసులు తక్కువుండాలంటారు. నాకు ప్రమోషనుండాది. నేనేం చేసేది చెప్పు."

అతను బెదిరించింది నన్ను అంతగా నొప్పించలేదు. మొదటి రోజే, నా మోకాళ్ళకు మందు రాయిస్తున్నప్పుడే, ఆ కాగితం అతని మనసులో సిద్ధంగా ఉందన్నది నొప్పించింది. తమ్ముడనుకుని ఏడ్చాను నేను. నా ఏడుపు అతనికి పని తేలిక చేసింది.

మరునాడు సెలవు పెట్టి, జరిగినదంతా రాసుకుని జిల్లా పోలీసు ఆఫీసుకు వెళ్ళాను. నేను అబద్ధం రాసిచ్చానని కూడా రాశాను. అక్కడి ఆడ అధికారి రెండుసార్లు చదివి, "ఇది మీ మీదికి కూడా రావచ్చమ్మా, తెలుసునా?" అని అడిగింది. తెలుసన్నాను. వారం లోపల రెండు కేసులూ నమోదయ్యాయి. ఇంకో నెలకు ఆ ఇద్దరూ వేరే ఊళ్ళో దొరికారు. గొలుసులు ఎప్పుడో కరిగించేశారట. మా కాలవ గట్టు మీద ఇంకా ముగ్గురు ఆడవాళ్ళ దగ్గర లాగామని వాళ్ళే చెప్పారని విన్నాను. ఆ ముగ్గురు ఎవరో, వాళ్ళ చేత ఏమని రాయించారో నాకు తెలియదు.

హెడ్ కానిస్టేబుల్‌ని వేరే స్టేషనుకు మార్చారు. సంఘంలో పాటలు ఇప్పటికీ అతనే నడిపిస్తున్నాడు. అతని భార్య నన్ను చూస్తే పిల్లాణ్ణి దగ్గరికి లాక్కుని పక్కకు పోతుంది. పాస్టరుగారు ఇంటికొచ్చి, క్షమించాలమ్మా అన్నారు. ఎవరిని ముందు క్షమించాలో తెలియడం లేదండీ అన్నాను. ఆయన కాఫీ తాగి, ప్రార్థన చేసి వెళ్ళిపోయారు.

కింది వాటా అమ్మాయి తను పనిచేసే ఆస్పత్రి పక్కనే ఇల్లు చూసుకుంది. సామాను ఆటోకి ఎక్కించిన రోజు నేను కిందికి దిగి వెళ్ళాను. చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది. తాళంచెవి నాకివ్వకుండా మా ఆయన చేతికిచ్చి, "వస్తా అన్నా," అని చెప్పి, పిల్లల్ని ఎక్కించుకుని వెళ్ళిపోయింది.