నిమ్మకాయంత ఇంజనుకు వేడి ప్లగ్గు

ఆముదం కాలిన వాసన ఎక్కడ తగిలినా నా కాళ్లు ఆగిపోతాయి. కామ్‌రేజ్ దారిలో ఇళ్ల స్థలాలకని చదును చేసి వదిలేసిన మైదానం, పొద్దుటి మంచు, ఆ మంచులో రెండు సన్నటి తీగల చివర గుండ్రంగా తిరుగుతున్న చిన్న విమానం కళ్ల ముందుకొస్తాయి. అది నిజంగా జరిగిందా, నిద్రలో చూశానా అని ఒక్కోసారి నాకే అనుమానం. జరిగిందని చెప్పడానికి మా ఆవిడ ఉంది కాబట్టి సరిపోయింది.

నేను సూరత్‌లో, బమ్రోలి వైపు ఒక షెడ్డులో మరమగ్గాల ఫిట్టర్ని. ముప్పై ఏళ్ల కింద కరీంనగర్ వైపు నుంచి వచ్చి గోడాదరాలో ఒక గదిలో దిగాను. ఇప్పటికీ గోడాదరాలోనే ఉన్నాం. షెడ్డులో మగ్గాలన్నీ ఒకేసారి కొట్టుకుంటుంటే, వాటిలో ఏది కుంటుతోందో గుమ్మంలో నిలబడి చెప్పేవాణ్ని. "మాస్టర్ చెవి" అని పేరు. ఆ పేరు చూసుకుని ఎంత మిడిసిపడేవాణ్నో! షెడ్డులో మాటలు వినపడవు కాబట్టి మేమంతా పెదాలు చూసి, చేతులు ఊపి మాట్లాడుకుంటాం. అరచెయ్యి కిందికి దించితే మగ్గం నెమ్మదించిందని, పిడికిలి మూస్తే ఆగిపోయిందని అర్థం. మా ఆవిడ కూడా పెళ్లయిన కొత్తలో అక్కడే దారం కండెలు చుట్టింది. ఆ చేతి భాష ఆమెకూ వచ్చు.

రెండేళ్లుగా ఆమెది ఒకటే పాట.

"జర చెవుల డాక్టర్‌కు చూపించుకోరాదయ్యా."

"నాకేమైంది? సూది కింద పడ్డా ఇనవడతది నాకు."

"నిన్న కుక్కర్ ఏడు కూతలు కూసినా కదలకపోతివి. పప్పంత మాడింది."

"నీ పప్పు మాడితే నా చెవులేం జేసినయే!"

అలా గయ్యిమని లేచేవాణ్ని. లోపల మాత్రం భయమే, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేముంది. చెవి పోయిన రోజున నేను మాస్టర్‌ని కాను. అది తీసేస్తే నాలో మిగిలేదేమిటో నాకు తెలియదు.

ఇంతలో మా సేటు తండ్రి ఒక రోజు నన్ను ఇంటికి పిలిచాడు. డెబ్బై దాటిన పెద్దాయన, అందరూ కాకా అంటారు. వయసులో ఉన్నప్పుడు, తీగలు కట్టి చుట్టూ తిప్పే బొమ్మ విమానాలు ఎగరేసేవాడట. ఇప్పుడు చేతులు వణుకుతాయి, చాయ్ కప్పు కూడా రెండు చేతులతో పట్టుకుంటాడు. అటక మీది పెట్టె దింపించి, నిమ్మకాయంత ఇంజను ఉన్న ఒక విమానం నా ఒళ్లో పెట్టాడు. ఇంజను బిగుసుకుపోయింది, రెక్క కాగితం చిరిగింది. బాగుచేసి, ఒక్కసారి తన కళ్ల ముందు ఎగరేయమన్నాడు. ఆ మాట అడిగేటప్పుడు చిన్నపిల్లాడి మొహం పెట్టాడు. కాదనడం నావల్ల కాలేదు.

రెక్కకు కాగితం అతికించడం, ఇంజను విప్పి, కడిగి, బిగించడం నాకొక లెక్కా! చిక్కంతా ప్లగ్గు దగ్గర వచ్చింది. ఇది మోటార్ సైకిల్ ప్లగ్గులా నిప్పురవ్వ కొట్టదు. లోపల వెంట్రుకంత సన్నటి తీగచుట్ట ఉంటుంది. బ్యాటరీ క్లిప్పు తగిలిస్తే ఆ తీగ ఎర్రగా కాలుతుంది, ముందర పంకాలా ఉండే చెక్క రెక్కను వేలితో తిప్పగానే ఇంజను అందుకుంటుంది. అప్పుడు క్లిప్పు తీసేయాలి. ఇక ఇంజనే తన మంటతో ఆ తీగను ఆరిపోకుండా కాపాడుకోవాలి. వీటిలో తీగ వేడిని నిలుపుకునే వేడి ప్లగ్గు, తొందరగా వదిలేసే చల్ల ప్లగ్గు అని రకాలున్నాయి. కాకా రెండూ తెప్పించి ఇచ్చాడు.

"ఛోటా ఇంజన్ హై భాయ్, గరమ్ లగానా," అన్నాడు. చిన్న ఇంజనుకు ఒంట్లో వేడి తక్కువ, తీగను తొందరగా చల్లారనిస్తుంది, అందుకే వేడి ప్లగ్గు పెట్టాలని ఆయన చెప్పడం.

నేను వింటేనా! సూరత్ ఎండలో ఇంజనుకు వేడి ప్లగ్గేమిటి? ఎండాకాలం మామిడిపండు తింటే వేడి చేస్తుందని మా అమ్మ మజ్జిగ తాగించేది. ఇంజనుకు మాత్రం చలువ చేయొద్దా? ముప్పై ఏళ్ల మాస్టర్‌ని, నాకు తెలియదా అనుకుని చల్ల ప్లగ్గే బిగించాను. పైగా కాకా చెప్పిన పరీక్ష ఉండనే ఉంది. క్లిప్పు తీయగానే శబ్దం దిగితే ప్లగ్గు తప్పు, దిగకపోతే ఒప్పు. చెవితో చేసే పనికి నన్ను మించినవాడెవడు!

సెలవు రోజు పొద్దున్నే కాకా, నేను, మా ఆవిడ ఆటోలో మైదానానికి వెళ్లాం. కాకాను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పాం. ఇంజను మూడో తిప్పుకు అందుకుంది. ఇంధనంలోని మెథనాలుతో పాటు ఆముదం కాలి, నీలం పొగ మంచులో కలిసిపోయింది. చిన్నప్పుడు తలకు రాసిన ఆముదం, దీపంలో పోసిన ఆముదం అన్నీ ఆ వాసనలో ఉన్నాయి. క్లిప్పు తీశాను. శబ్దం అలాగే ఉంది.

"ఇంజన్ గొంతు దిగింది కదయ్యా," అంది మా ఆవిడ నా ముందుకు వంగి.

"నీకేం ఎరుక! నోర్మూస్కుని విమానం పట్టుకో."

నేను నడిమధ్యకు వెళ్లి తీగల పిడి పట్టుకున్నాను. ఆమె విమానం వదిలింది. అది లేచింది, సగం చుట్టు తిరిగింది, అంతే, ముక్కు నేలకు గుద్దుకుని బోర్లాపడింది. ముందరి చెక్క రెక్క విరిగింది. ప్లగ్గును తిట్టాను, నూనెను తిట్టాను, సరిగ్గా వదల్లేదని ఆమెను కూడా తిట్టాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. కాకా మాత్రం నన్ను చూసి, ఆమెను చూసి, శాలువా సర్దుకున్నాడు. ఆయనా జీవితమంతా మగ్గాల మధ్యే బతికినవాడు.

ఆ వారం మళ్లీ పనిలో పడ్డాం. పడినప్పుడు మళ్లీ చిరిగిన విమానం రెక్కకు ఆమె పల్చటి జార్జెట్ ముక్క అతికించింది. నేను కొత్త చెక్క రెక్క బిగించాను. చల్ల ప్లగ్గు మాత్రం మార్చలేదు. మారిస్తే ఆ రోజు శబ్దం దిగిందని, నాకు వినపడలేదని ఒప్పుకున్నట్టే.

మళ్లీ సెలవు రోజు, అదే మైదానం, ఇంకా చిక్కటి మంచు. ఇంజను అందుకున్నాక నేను క్లిప్పు మీద చెయ్యి వేయబోతే ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది. అరచెయ్యి బోర్లించి ఛాతీ ఎత్తున గాలిలో పెట్టింది. షెడ్డులో లాగా. నేను క్లిప్పు తీశాను.

నా చెవిలో శబ్దం మారలేదు. ఆమె అరచెయ్యి మాత్రం మెల్లగా నడుము దాకా దిగిపోయింది.

ఇంజను ఆపేశాను. తడి గడ్డిలో చతికిలబడ్డాను. ఏడుపొచ్చింది. కాసేపటికి ఆమె నడుముకు దోపుకున్న చిన్న సంచీ తీసి, వేడి ప్లగ్గును నా అరచేతిలో పెట్టింది. దాన్ని ఇంట్లో నేను డబ్బా అడుగున దాచేశాను. ఎప్పుడు తీసిందో!

అది బిగించి మళ్లీ తిప్పాను. క్లిప్పు తీశాను. ఆమె చెయ్యి ఎక్కడ ఉందో అక్కడే నిలిచింది. కాకా కుర్చీలోంచి సగం లేచాడు.

ఎగిరింది. ఏం చెప్పను! నేను మధ్యలో నిలబడి తిరుగుతున్నాను, మంచు తిరుగుతోంది, విమానం నా చేతిలోని తీగలను లాగుతూ తిరుగుతోంది. ప్రతి చుట్టులోనూ దాని వెనక ఒక్క క్షణం మా ఆవిడ కనిపించి పోయేది, పక్కనే కాకా. ఆయన వణికే పిడికిలిని ముందుకు చాచి, లేని పిడిని పట్టుకుని, నాతో పాటు విమానాన్ని ఎగరేస్తున్నాడు. ఎన్ని చుట్లు తిరిగానో తెలియదు. ఒంట్లో బరువే లేదు.

ఒక చుట్టులో ఆమె పిడికిలి మూసి చూపించింది. ఆగిపోయింది అని. నా చెవిలో ఇంకా హోరు సాగుతూనే ఉంది. చూస్తే ముందరి రెక్క కదలడం లేదు. నూనె అయిపోయింది. విమానం జారుతూ వచ్చి గడ్డిలో మెత్తగా కూర్చుంది. మరి నాకు వినపడుతున్న హోరు ఎక్కడిది? షెడ్డుది. ఎప్పటి నుంచో నా తలలోనే ఆడుతున్న మగ్గాలది.

ఆమె దగ్గరికి వచ్చింది.

"నాకు ఇనవడ్తలేదే," అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదలు.

"ఎరుకే," అంది. "రెండేండ్ల సంది నీ ఎనక నుంచి ఒక్క మాటన్న మాట్లాడిన్నా? జర యాది చేసుకో."

యాది చేసుకున్నాను. పొయ్యి మీద కూర వదిలేసి, చేతిలో గరిటెతో గదిలోకి వచ్చి, నా ఎదుట నిలబడి, ఉప్పు సరిపోయిందా అని అడిగేది. వచ్చిన ప్రతిసారీ నేను కసురుకునేవాణ్ని. అక్కణ్నుంచే అడగొచ్చు గదా, మీదమీదికి వస్తవెందుకే అని.