సాన మామ మొండి చేసిన కత్తులు

సాన మామ మూడేళ్ళపాటు ఆ పేటలో ఒక్క కత్తికి కూడా పదును పెట్టలేదనీ, పెట్టినట్టు నటించి మొండి చేసి పంపేవాడనీ ఒక పుకారు ఉంది. దాన్ని ఎవరూ రుజువు చేయలేదు. నమ్మనివాళ్ళూ లేరు. ఆ మూడేళ్ళూ పేటలో టమాటాలు కోసినవాళ్ళే లేరట, చితక్కొట్టినవాళ్ళే అందరూ. గుమ్మడికాయ తెస్తే మొగుడూ పెళ్ళాం చెరో పక్క పట్టుకుని లాగేవారట. పొద్దున మొదలుపెట్టిన ఉల్లిపాయ మధ్యాహ్నానికి గానీ రెండు ముక్కలయ్యేది కాదట.

మామ పాత సైకిలుకి సానరాయి బిగించుకుని, స్టాండు వేసి, పెడలు తొక్కుతూ కత్తులూ కత్తెరలూ నూరుతాడు. పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఒక చెల్లెలు, ఆవిడకి ఒక్కగానొక్క కొడుకు. ముప్పై దాటిన ఎలక్ట్రీషియన్. పేటంతా వాణ్ణి కరెంటు అంటుంది. చేసే పనివల్ల కొంత, ముట్టుకుంటే కొట్టే స్వభావంవల్ల ఎక్కువ. వాడు తాగితే చాలు, వెనకవీధి వెల్డరు గుర్తొస్తాడు. నిచ్చెన నువ్వు అడ్డం పెట్టావంటే నువ్వు పెట్టావని మొదలైన గొడవలో వెల్డరు కత్తితో వాడి చెంప మీద చెవి నుంచి గడ్డందాకా గీత గీశాడు. అప్పట్నుంచి ఆ వీధివాళ్ళు ఈ వీధిలోకి రారు, ఈ వీధివాళ్ళు ఆ వీధిలోకి పోరు.

ఆ గీతకి కుట్లు వేసిన నర్సమ్మే పేటలో శాంతి కమిటీ పెట్టింది. గురువారం మూడింటికి టైర్ల షాపు రేకుల కింద అందరూ కూర్చునేవారు. ఎక్కడ కేకలు వినబడితే అక్కడికి ఇద్దరు టీ ఫ్లాస్కుతో వెళ్ళి, కొట్టుకునేవాళ్ళని కూర్చోబెట్టాలి. తాగుడు మానినవాడికి తొంభై రోజులు ఒకరు తోడు నడవాలి. ఇంకా, ఇంట్లో ఉన్న ఆయుధాలు తెచ్చి వేయడానికి ఒక ఇనప్పెట్టె. మామ మొదటిరోజే చేరిపోయాడు, మేనల్లుడి కోసం.

నెలకి పెట్టె తెరిచారు. రెండు విరిగిన గరిటెలు, పళ్ళు ఊడిన రంపం ఒకటి, ఎవరిదో కట్టుడుపళ్ళ సెట్టు ఒకటి బయటపడ్డాయి.

"కత్తులు వెయ్యమంటే పళ్ళేశారేంటమ్మా?" అన్నాడు టైర్ల షాపాయన.

"నయమేలే. కరిచేవాడు ఒకడు తగ్గాడు," అంది నర్సమ్మ.

అందరూ పడీపడీ నవ్వారు. మామ మాత్రం పెట్టెకేసే చూస్తూ ఉండిపోయాడు. కత్తులు ఈ పెట్టెలోకి ఎందుకొస్తాయి? కానీ ఆర్నెల్లకోసారి ప్రతి కత్తీ తన రాయి దగ్గరికి వచ్చి తీరాల్సిందే.

మర్నాటి నుంచే మొదలుపెట్టాడట. ముందు రెండు పక్కలా నిప్పురవ్వలు లేచేలా నూరేవాడు. కత్తి అద్దంలా మెరిసేది. చివర్లో దాన్ని నిటారుగా నిలబెట్టి, అంచుని రాయి మీద ఒక్కసారి మెత్తగా జార్చేవాడు. అంతే, ఉన్న పదును కాస్తా పోయేది.

"మామా, దీనికి అరటిపండు కూడా తెగట్లేదు!" అని ఒకావిడ పోట్లాటకొచ్చింది.

"అరటిపండుకి కత్తెందుకే తల్లీ? వొలుచుకు తిను."

ఇలా నడుస్తుండగా కరెంటు వెళ్ళి తాగుడు మాన్పించే కేంద్రంలో నలభై రోజులుండి వచ్చాడు. బుగ్గలు కాస్త పూడాయి. చెల్లెలు వాడి చెయ్యి తెచ్చి మామ చేతిలో పెట్టింది.

"అన్నయ్యా, వీణ్ణి నీకు అప్పజెప్తున్నా. సీసా ముట్టకూడదు, కత్తి ముట్టకూడదు. ఈ తొంభై రోజులూ గట్టెక్కించు, చాలు."

మామ పొద్దున వాణ్ణి పనికి దిగబెట్టేవాడు, సాయంత్రం ఇంటికి తెచ్చేవాడు. రోజుకో గీత సైకిలు మడ్‌గార్డు మీద గీసేవాడు. డెబ్భై గీతలయ్యాయి. డెబ్భై ఒకటో రోజు మిట్టమధ్యాహ్నం కరెంటు వచ్చి చొక్కా కిందనుంచి మూరెడు కత్తి తీశాడు.

"దీనికి కాస్త సాన పట్టు మామా."

"ఎందుకురా?"

"వైరు తొక్క తియ్యాలి."

"ఏం వైరురా అది? రైలింజనుదా?"

కరెంటు నవ్వలేదు. "వెల్డరుగాడు కబురంపాడు, ఆ వీధిలో కాలుపెడితే చూస్తానని. నాకు అక్కడ పనుంది. కొట్లాటకి కాదు మామా, నడుం దగ్గర ఉంటే ధైర్యం. నువ్వు పట్టకపోతే చెప్పు, అవతలి పేటలో పట్టించుకుంటా."

కాదంటే అవతలి పేటవాడు నిజంగానే పదును పెడతాడు. నర్సమ్మకి చెబితే, ఆయుధం పట్టినవాడని తోడు జాబితాలోంచి వాడి పేరు కొట్టేస్తారు. డెబ్భై గీతలూ గంగలో కలుస్తాయి. మామ పెడలు తొక్కాడు. రవ్వలు వీధి దాటి పడ్డాయి. చివర్లో కత్తిని నిటారుగా నిలబెట్టి, అంచుని ఒక్కసారి జార్చాడు. కరెంటు దాన్ని చొక్కా కిందకి దోపుకుని పోయాడు. ఇక వీడు ఎవరినీ ఏమీ చేయలేడని మామ గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

ఒక్క సంగతి మరిచిపోయాడు. వెల్డరు దుకాణంలో గ్రైండరు ఉంది. వాడు తన కత్తికి తనే సాన పట్టుకుంటాడు. ఏనాడూ మామ దగ్గరికి వచ్చిన పాపాన పోలేదు.

మూడోరోజు నాలుగింటికి వెనకవీధిలో ఫ్యాను బిగించి బయటికొచ్చిన కరెంటుకి వెల్డరు ఎదురయ్యాడు. మాటా మాటా పెరిగింది, ఇద్దరూ కత్తులు తీశారు. కరెంటు ముందు వేశాడు. వెల్డరు చొక్కాకి చిరుగు కాదుగదా, గుండీ కూడా ఊడలేదట. తర్వాత వెల్డరు వేశాడు. అడ్డం పెట్టిన కుడి అరచెయ్యి లోపలి నరాలతో సహా తెగింది. కమిటీవాళ్ళు ఫ్లాస్కుతో వచ్చేసరికి టీ పోయడానికి ఎవరూ మిగల్లేదు. ఒకణ్ణి పోలీసులు, ఒకణ్ణి ఆస్పత్రివాళ్ళు తీసుకుపోయారు.

ఆ నెల నివేదికలో నర్సమ్మ 'ప్రాణనష్టం లేదు' అని రాసి, కలం పక్కన పడేసింది. కమిటీకి డబ్బిచ్చే పైవాళ్ళు అది చదివి మెచ్చుకున్నారు. ఈ పేట బాగుపడిందని తేల్చి, ఇనప్పెట్టెని వేరే పేటకి మోసుకుపోయారు. వెల్డరు నాలుగు నెలల్లో బయటికొచ్చి దుకాణం తెరిచాడు. కరెంటు కుడిచేతి వేళ్ళు స్క్రూడ్రైవరు పట్టవు. ఎడంచేత్తో వాడు నేర్చుకున్న పని ఒక్కటే, గ్లాసెత్తడం.

పుకారు పేటంతా తిరిగి తిరిగి చివరికి చెల్లెలి చెవిన పడింది. ఆవిడ వంటింటి కత్తి, ఒక టమాటా పట్టుకుని సైకిలు దగ్గరికొచ్చింది. సీటు మీద టమాటా పెట్టి కత్తితో నొక్కింది. రసం మామ చొక్కా మీద చిందింది.

"అన్నయ్యా, నా కళ్ళలోకి చూసి చెప్పు. నా కొడుకు చేతికి మొండి కత్తి ఇచ్చి పంపావా?"

అవునంటే మేనల్లుణ్ణి వట్టిచేతులతో వెల్డరు ముందుకి తోసినట్టు. కాదంటే పదునైన కత్తి తనే ఇచ్చి కొట్లాటకి పంపినట్టు. మామ గుడ్డ తీసి చొక్కా తుడుచుకున్నాడు. మడ్‌గార్డు మీద గీతలకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఎవడే నీకు చెప్పింది? ముప్పయ్యేళ్ళుగా సాన పడుతున్నా, ఒక్క కత్తి మొండిగా ఇవ్వలేదు. వాడు నా దగ్గరికి కత్తే తేలేదు. ఏనాడూ తేలేదు. అంతా పనీపాటా లేనోళ్ళు అల్లిన కథ. ఆ టమాటా మరీ మగ్గిపోయింది చెల్లీ, ఏ కత్తికైనా చితుకుతుంది."