తమ్ముడి అగ్గిపెట్టెలో ఏముంది?

మా చిన్నప్పుడు... మంగళవారం పొద్దున్నే ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌లో మా వంటింట్లో తిరగమోత ఘుమఘుమ, లాటిన్ చదువు కలిసే మొదలయ్యేవి. అమ్మ పులిహోర కలుపుతూ "అమో, అమాస్, అమాట్" అని అందుకునేది. షూ లేసులు కట్టుకుంటూ నేనూ, తమ్ముడు కిట్టూ వంత పాడేవాళ్లం. అర్థమేంటని అడిగితే, "ముందు నోటికి రానీండి, అర్థం అదే వస్తది. ఎక్కాలు మాకట్టాగే వచ్చినయ్" అనేది మా గుంటూరు అమ్మ.

మేం స్కూలుకి వెళ్లేవాళ్లం కాదు. కిట్టుకి నత్తి. హాజరు పిలిచినప్పుడు "యెస్ మిస్" అనడానికి వాడు పడే అవస్థని పక్క పిల్లలు అనుకరించి నవ్వేవాళ్లు. ఏడేళ్లకే స్కూల్లో నోరు విప్పడం మానేశాడు. దాంతో అమ్మ వాణ్ని స్కూలు మాన్పించింది... వాడికి తోడుండాలని పదకొండేళ్ల నన్నూ మాన్పించింది.

"ఊరికే వచ్చే స్కూలొదిలేసి ఈ పిచ్చేందే నీకు?" అని నాన్న నెల రోజులు అలిగాడు. అమ్మ వింటేగా!

మాలాంటి పది పన్నెండు కుటుంబాలు వారానికోసారి, మంగళవారం నాడు, ఒక చర్చి హాలు అద్దెకి తీసుకుని, పాతకాలం పద్ధతిలో పిల్లలకి చదువు చెప్పుకునేవి. తల్లులే టీచర్లు. వల్లె వేయడం, లాటిన్, నలుగురి ముందు నిలబడి మాట్లాడటం... అదీ చదువు. గుమ్మం దగ్గర ఒక బుట్ట ఉండేది. పెద్దవాళ్ల ఫోన్లన్నీ అందులో పడేయాల్సిందే. మా అమ్మది ఎక్కాల క్లాసు. తెల్ల పిల్లలు ఊగుతూ పదమూడో ఎక్కం అప్పజెబుతుంటే ఆవిడ మొహం చూడాలి!

అక్కడ ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా మూడు నిమిషాలు మాట్లాడాక, విన్నవాళ్లలో ఒకరు లేచి, తాము విన్నది సొంత మాటల్లో తిరిగి చెప్పాలి. ఎవరు లేవాలో, ఇదంతా నడిపించే మార్గరెట్ ఆంటీ అప్పటికప్పుడు పిలిచేది. వినడం కూడా చదువేనని ఆవిడ నమ్మకం.

ఆరు నెలలు కిట్టు లేవలేదు. ఎవరూ బలవంతపెట్టలేదు. ఒకరోజు వాడంతట వాడే "వచ్చే వారం నేను మాట్లాడతా" అన్నాడు. వారమంతా బాయిలర్ పక్కనున్న బట్టల అల్మరాలో దూరి, తలుపేసుకుని ప్రాక్టీసు చేశాడు. ఏం చెబుతావురా అంటే, సర్‌ప్రైజ్ అన్నాడు. అమ్మకి కూడా చెప్పలేదు.

ఆ మంగళవారం మేడ మీద గదిలో పసిపిల్లల్ని చూసుకునే వంతు అమ్మకి పడింది. వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకుంది. "వాడి వంకే చూస్తా ఉండవే. ధైర్యంగా ఉంటది వాడికి."

చూశాను... చూడటం ఒక్కటే చేశాను.

కిట్టు చేతిలో అగ్గిపెట్టెతో నిలబడ్డాడు. మొదటి మాట దగ్గరే ఆగాడు. ఒకటి, అనుకున్నాను. మళ్లీ ఆగాడు... రెండు. ఎవరైనా నవ్వుతారేమోనని చుట్టూ చూస్తూ, వాడి పెదాలు చూస్తూ, వాడు ఆగినప్పుడల్లా వేలు మడుస్తూ కూర్చున్నాను. ఎవరూ నవ్వలేదు. పదకొండు సార్లు ఆగాడు, అయినా పూర్తి చేశాడు! అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

మార్గరెట్ ఆంటీ నా వైపు తిరిగి నవ్వింది. "ఈరోజు వాళ్ల అక్క చెబుతుంది" అంది.

లేచాను. బుర్రలో ఒక్క ముక్క లేదు. దేని గురించి మాట్లాడాడు? ఆ అగ్గిపెట్టె ఎందుకు తెచ్చాడు? పదకొండు అన్న అంకె తప్ప ఏమీ లేదు. కిట్టు నా వంకే చూస్తున్నాడు... వాడి మొహంలో నవ్వు కొంచెం కొంచెంగా పోవడం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. ఆంటీ పరవాలేదంటూ నన్ను కూర్చోబెట్టి, తర్వాతి పిల్లని పిలిచింది.

ఇంటికొస్తుంటే కారు వెనక సీట్లో మెల్లగా అడిగాడు.

"అక్కా... నేను చెప్పింది అర్థం కాలేదా?"

"అయిందిరా."

"మరి చెప్పు."

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాను.

వినలేదురా, అని ఒక్క మాట అంటే సరిపోయేది. తప్పు నాదని వాడికి తెలిసేది. సిగ్గేసి అనలేదు. తన మాటే ఎవరికీ అర్థం కాదనుకున్నాడు వాడు. మళ్లీ ఆ హాల్లో లేవలేదు. ఏడాది తిరక్కుండానే అమ్మ ఓడిపోయి మమ్మల్ని మామూలు స్కూల్లో చేర్చింది. వాడేం చెప్పాడో ఆరోజు ఉన్న పిల్లల్లో ఎవరినైనా అడగొచ్చు... అడిగితే నేను వినలేదని తెలిసిపోతుందని ఎవర్నీ అడగలేదు.

కిట్టు ఇప్పుడు లండన్ శివార్లలో, క్రోయిడన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఫోన్ చేస్తే ఎత్తడు. కట్ చేసి, "చెప్పక్కా" అని మెసేజ్ పెడతాడు. ప్రేమకేం లోటు లేదు. గొంతు విని మాత్రం ఎన్నాళ్లయిందో... ఇప్పటికీ కొన్ని మంగళవారాలు మెలకువ వచ్చేసరికి నా వేళ్లు మడిచి ఉంటాయి.

పోయిన వారం తెగించి రాశాను. "కిట్టూ, ఆరోజు నేను వినలేదురా. నువ్వెన్నిసార్లు ఆగావో లెక్కపెడుతూ కూర్చున్నా. ఆ అగ్గిపెట్టెలో ఏముంది?"

వాడు టైప్ చేస్తున్నట్టు మూడు చుక్కలు కనిపించాయి. ఆగాయి. మళ్లీ వచ్చాయి... ఆగాయి. నాలుగోసారికి చూసుకున్నాను, నా వేళ్లు మళ్లీ మడుచుకుంటున్నాయి.

చివరికి జవాబు వచ్చింది. "నువ్వు చూశావుగా అక్కా. తెరిచి ముందు నీకే చూపించా."

అంతే. ఏముందో చెప్పలేదు. మళ్లీ అడిగే మొహం నాకు లేదు.

ఇప్పుడు పిల్లలు తుమ్మినా వీడియో తీస్తున్నాం. వాడి మూడు నిమిషాలు మాత్రం ఎక్కడా లేవు... ఫోన్లన్నీ బుట్టలో ఉన్నాయి. చెవులు నా దగ్గరే ఉన్నాయి.

మీ తమ్ముడో చెల్లెలో చిన్నప్పుడు మీతో చెప్పిన మాట ఒక్కటైనా గుర్తుంటే, వాళ్ల మాటల్లోనే కింద రాయండి... ఈసారి నేను వింటాను.