తున్ ఫెలిస్ అడగనిదే అడుగు వేయడు

“ఆ రన్‌వే వచ్చాక మా బావినీళ్ళతో పాపకి పాలు కలపొచ్చంటారా, తున్ ఫెలిస్?”

అని బెర్నీ అడిగింది. ఆయన లేచి, టోపీ తీసి, బల్ల మీదున్న ఫైళ్ళ గుట్టకి ఎదురుగా నిలబడి, “పెద్దలూ, ఈ కాగితాలు ముట్టుకోవచ్చా?” అన్నాడు. తరవాత కళ్ళు మూసుకుని ఎదురుచూశాడు.

మా మరియానా దీవుల్లో అడవిలోకి వెళ్ళేముందు చనిపోయిన పెద్దల్ని అనుమతి అడగనివాళ్ళు లేరు. అడగకపోతే కాలు వాస్తుంది, జ్వరం వస్తుంది. అందులో వింతేమీ లేదు. పెద్దాయన కాబట్టి మేమంతా ‘తున్’ అని పిలిచే ఫెలిస్ మాత్రం కాఫీ కెటిల్‌నీ, ప్రింటర్‌నీ, పండగ విందులో ఎర్రన్నం గిన్నెనీ కూడా అడుగుతాడు. ఆయన వెనక వరసలో నిలబడ్డవాళ్ళకి అన్నం చల్లారిపోయేది. ద్వీపంలో ఎవరేం కట్టాలన్నా నీటి అనుమతి ఇచ్చే ఆఫీసులో ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్న మనిషే ఇలా గాలిని అనుమతి అడుగుతుంటే అందరూ నవ్వేవారు. పక్క బల్ల దగ్గర కూర్చునే బెర్నీ కూడా నవ్వేది, సైన్యం రన్‌వే కట్టే సంగతి వచ్చేదాకా.

సైన్యం తరఫున వచ్చిన మేజర్‌ని స్థలం చూపించడానికి తీసుకెళ్ళిన రోజు, తున్ ఫెలిస్ అడవి అంచున టోపీ తీసి ఇరవై నిమిషాలు నిలబడ్డాడు. ఎండకి మేజర్ ముఖం కందగడ్డైంది.

“ఎవర్నండీ అడుగుతున్నాడు?”

“ఇక్కడుండేవాళ్ళని,” అంది బెర్నీ.

“ఇక్కడెవరూ లేరుగా!”

“మీరు అడగలేదుగా,” అన్నాడు తున్ ఫెలిస్, కళ్ళు తెరవకుండానే.

ఎవరూ లేరనే మాట మేజర్ సొంతం కాదు. పర్యావరణ సమీక్ష అని వచ్చిన పదకొండు వందల పేజీల పుస్తకంలోనే ఉంది. విమానాల ఇంధనం ట్యాంకులు పెట్టే వాలు కింద తాగునీటి బావులు లేవని రాశారు. అందులోని పటంలో బెర్నీ ఇల్లే లేదు, ఇక బావి ఎక్కడిది?

ఊరి అభిప్రాయం కోసం చర్చి హాల్లో సభ పెట్టారు. ఊరంతా వచ్చింది. వచ్చిన అతిథులకి కడుపునిండా పెట్టింది. “అభ్యంతరాలున్నాయా?” అని మేజర్ అడిగితే అందరూ తమ చెప్పులకేసి చూసుకుంటూ చిరునవ్వు నవ్వారు. మన విందు తిన్న అతిథిని నలుగురిలో కాదనడమంత సిగ్గుమాలిన పని మా దగ్గర ఇంకోటి లేదు. బెర్నీ సరేసరి, ఆఫీసు ఉద్యోగి, సొంతింటి గోడు ఎలా వెళ్ళబోసుకుంటుంది? “అభ్యంతరాలు లేవు” అని రాసుకుని వెళ్ళిపోయారు.

“శుక్రవారంలోగా మనం షరతులు పంపకపోతే, ఏ షరతూ లేకుండానే కట్టుకుంటారు,” అన్నాడు డైరెక్టర్ తల పట్టుకుని. “ఒక్కడైనా రాసివ్వకపోతే నేనేం షరతు పెట్టను? ఫెలిస్ ఎక్కడ?”

“తొమ్మిది రోజుల్నించీ రావట్లేదండీ.”

“ఏం చేస్తున్నాడు?”

“అనుమతి అడుగుతున్నాడట.”

గురువారం బెర్నీ ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళింది. తాన్ కికా అనే ముసలావిడ పెరటి బయట దొరికాడు. “పెద్దలూ! ఈ పెరట్లోకి రావచ్చా?” అని గొంతు చించుకుంటున్నాడు. తాన్ కికా వక్క నములుతూ విసురుగా బయటికొచ్చింది.

“చచ్చినవాళ్ళని అరగంట నించీ అడుగుతున్నావు, బతికున్నదాన్ని నన్నడగవేంరా?”

“ఇక్కడి నీళ్ళు ముట్టుకుంటే వాళ్ళకి కోపం వస్తుందేమోనని...”

“నలభై ఏళ్ళుగా ఆ బావి నీళ్ళే తాగుతున్నాను, ఎవరికీ రాలేదు కోపం! పైన ట్యాంకులు పెడితే మాత్రం నాకొస్తుంది. వెళ్ళి చెప్పు ఆ మేజర్‌కి!”

తున్ ఫెలిస్ అదంతా రాసి, సంతకానికి కాగితం అందించాడు. సభలో నోరు మెదపని ఆవిడ, ఈ తిక్క మనిషిని తిట్టే ఊపులో చకచకా సంతకం పెట్టేసింది.

శుక్రవారం పొద్దున్నే డైరెక్టర్ బల్ల మీద ఇరవై ఏడు కాగితాలు, ఇరవై ఏడు బావుల నీళ్ళ సీసాలు. చివరి సీసా మీద బెర్నీ ఇంటి పేరు.

“నేను మీకు రాసివ్వలేదే!” అంది బెర్నీ.

“నువ్వు ఆఫీసు మనిషివి, రాయలేవు. మీ అత్తగారు చెప్పింది.” ఆయన చెవి రుద్దుకున్నాడు. “గంటన్నర చెప్పింది.”

సాయంత్రానికి షరతులు వెళ్ళాయి. ట్యాంకులు వాలుకి అవతలివైపు పెట్టాలి, ఇరవై ఏడు బావుల నీళ్ళూ నెలనెలా పరీక్షించాలి. సైన్యం ఒప్పుకుంది. కొత్త చోట గుర్తుకర్రలు పాతడానికి వచ్చిన మేజర్ అటూ ఇటూ చూసి, ముందు టోపీ తీశాడు.

“నిజం చెప్పండి తున్ ఫెలిస్, పెద్దలు జవాబిస్తారా?” అని ఆ వారం బెర్నీ అడిగింది.

“ఏమో తల్లీ, నాకూ తెలీదు. కానీ అడిగాక కంగారుపడి నువ్వే మాట్లాడెయ్యకు. ఊరికే నిలబడు. ఎవరో ఒకరు బయటికొస్తారు.”

పాప తాసికి ఇప్పుడు రెండేళ్ళు. “ముక్కు తుడవొచ్చా, తాసీ?” అని బెర్నీ అడుగుతుంది. తాసి “ఊహూ” అంటుంది. బెర్నీ రుమాలు పట్టుకుని ఊరికే నిలబడుతుంది. నాలుగు నిమిషాలకి ముక్కు తనంతట తానే రుమాలు దగ్గరికి వస్తుంది.