రాయికి కట్టిన మొక్క

మనవరాలి ఫైటర్ చేప తోక చిరిగింది. నీలంగా విసనకర్రలా విప్పారే తోక పీలికలైపోయింది. గాజుతొట్టిలోని ప్లాస్టిక్ మొక్కలు గీసుకునే అలా అయిందని, వాటిని తీసేసి ప్రాణమున్న మొక్కలు పెట్టకపోతే చేపే పోతుందని ఆ పిల్ల ఏడుపు. ఇద్దరం ఖుర్సీపార్‌లో రంగుచేపల దుకాణానికి వెళ్లాం.

దుకాణం అబ్బాయి మా తెలుగువాళ్ల పిల్లవాడే, ఈ హిందీ ఊళ్లోనే పుట్టి పెరిగాడు. కొత్తగా పెంచేవాళ్లకు ఇవి చాలంటూ రెండు మొక్కలు మా ముందు పెట్టాడు. ఒకటి నల్లదారంతో రాయికి కట్టి ఉంది. రెండోదానికి వేర్లే లేవు, చెరువులోంచి దేవిన నాచులా ఉంది.

“ఏటి బాబూ ఇది? రాయికి కట్టీసి మొక్కంటావేటి?”

“మట్టిలో పెట్టొద్దమ్మా, సడ్ జాయేగా, కుళ్లిపోద్ది. రాయి మీదే పెరుగుద్ది. రెండోది నీళ్లలో వదిలెయ్యండి, బస్. ఎరువు వద్దు, పెద్ద లైటూ వద్దు.”

“వేర్లు లేకండా ఏటి తిని బతుకుద్ది, గాలా?”

“మామ్మా, చలో! పరువు తీసేస్తున్నావ్.” మనవరాలు నా కొంగు లాగింది.

“నువ్వూరుకోయే గుంటా. మనకి చెత్త అంటగడతన్నాడు.”

ఏమీ అక్కర్లేని మొక్క అనగానే నా అనుమానం ఇంకా పెరిగింది. అప్పుడే పక్క బల్ల మీద ఎర్రటి దళసరి ఆకుల మొక్క ఒకటి కనబడింది. నిండా వేర్లున్నాయి. దానికో చీటీ, చీటీ మీద హిందీలో ‘ఎక్వేరియం మొక్క’ అని అచ్చు. నేను నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఎవరేం చెప్పినా నమ్మను గాని, వేలు పెట్టి నేనే చదువుకున్నది నమ్ముతాను. అదే కావాలన్నాను. అబ్బాయి ఏదో అనబోయి, నా మొహం చూసి ఊరుకున్నాడు. మనవరాలి పోరు పడలేక ఆ రెండూ కూడా తీసుకున్నాను.

ఎర్రమొక్కను తొట్టి మధ్యలో ఇసుకలో నాటాను. రాయినీ, ఆ నాచులాంటిదాన్నీ వెనక మూలకు తోశాను. కొన్నాళ్లకే నీళ్లు కలకబారాయి. చేప అడుగున పడుకుని మొప్పలు ఎగరేస్తోంది.

మొదట మా ఆయన్ని అనుమానించాను. ఉక్కు ప్లాంటులో రిటైరయ్యాక ఆయన కుర్చీ ఆ తొట్టి పక్కనే.

“చేపకి ఇడ్లీ ముక్కలేసేస్తన్నారా ఏటి?”

“నా ఇడ్లీ నాకే సాలట్లేదు. దానికెక్కడ పెడతాను?”

తర్వాత కిటికీలోంచి వచ్చే ప్లాంటు ఎర్రదుమ్మును అనుమానించి తలుపులు మూశాను. చివరికి రాయి మొక్కే కుళ్లిందని తేల్చుకుని, తీసి పారేద్దామని నీళ్లలో చెయ్యి పెట్టాను. దాని ఆకులు గట్టిగా, పచ్చగా ఉన్నాయి. మోచేయి తగిలి ఎర్రమొక్క కాడ ఊడి చేతిలోకి వచ్చింది. మెత్తగా, కంపు.

సగం నీళ్లు మార్చి, ఆ కాడను కవరులో చుట్టుకుని దుకాణానికి వెళ్లాను.

“అది కుండీ మొక్కమ్మా. నీళ్లలో నాలుగు రోజులు షో ఉంటుంది, తర్వాత కుళ్లుద్ది.”

“మరి సీటీ మీద అలా రాసుందేటి?”

“మాల్ పంపేవాళ్లు ఏదైనా రాస్తారు.”

“తెలిసీ నోరు మూసుకున్నావేటి?”

“నేను మంచివంటే చెత్తన్నారు. అది చెత్తంటే నమ్మేవారా?”

జవాబు బాగానే ఉంది. ముందే తయారుచేసి పెట్టుకున్నట్టు మరీ బాగుంది.

ఇంటికి వచ్చేసరికి చేప అడుగున లేదు. రాయి మొక్క పై ఆకు మీద ఒరిగి, కదలకుండా ఉంది. అద్దం మీద తట్టాను. చిరిగిన తోక ఒక్కసారి ఊగింది.

“సో రహీ హై మామ్మా! లేపకు.”

చేప కంటికి రెప్పలుండవు కదా, నిద్రేనని ఈ పిల్లకెలా తెలుసు? మనవరాలు లోపలికి వెళ్లేదాకా ఆగి, మళ్లీ తట్టాను.