పడవ దాకా వెళ్లి తిరిగొచ్చే గుర్రం

నలభై దాటాక నాకు గుర్రపు స్వారీ పిచ్చి పట్టింది. అదీ మామూలు స్వారీ కాదు. ఫోన్‌లో ఎవరో ఎడారిలో పొద్దున్నించి సాయంత్రం దాకా ఒకే గుర్రం మీద పోతుంటే చూశాను. మధ్యమధ్య ఆపి, గుర్రం గుండె ఎలా కొట్టుకుంటోందో చూసి, బాగుంటేనే ముందుకు పంపుతున్నారు. టెక్కలిలో మా ఇంట్లో నన్నెవరూ అంత శ్రద్ధగా చూడరు.

గుర్రం భావనపాడు బీచ్‌లో దొరికింది. జనాన్ని ఎక్కించుకుని తిప్పే గుర్రం. యజమాని ఒక ముసలాయన. ఆదివారం పొద్దున్నే, బేరాలు మొదలవక ముందు ఇస్తానన్నాడు.

కొత్త జీను ధర చూసి ఫోన్ బోర్లా పెట్టేశాను. హెల్మెట్ మా ఆయన స్కూటర్‌ది. తొడల దగ్గర కుట్టు ఒరుసుకోని లెగ్గింగ్స్, మడమ ఉన్న పాత బూట్లు ఇంట్లోనే దొరికాయి. ముసలాయన పాత జీను మాత్రం బండరాయిలా ఉంది. దాని మీదకి మెత్త కుట్టమని ఆటో సీట్లు కుట్టే అతని దగ్గరికి వెళ్లాను.

"ఏ బండికమ్మా?"

"గుర్రానికి."

"కొత్తగా వచ్చిందేటి? ఏ కంపెనీ?"

"కంపెనీ కాదు బాబూ, బతికున్న గుర్రం."

అతను కత్తెర కింద పెట్టాడు. "మరి కొలతలెలగ? బండి షాపుకి తేవాల."

పాత జీనే తెచ్చి ఇచ్చాను. ఎర్ర రెక్సిన్, పసుపు అంచు, పక్కన ఒక జేబుతో కుట్టాడు. జేబెందుకని అడిగితే, "బండి కాగితాలు ఎట్టుకోడానికమ్మా" అన్నాడు.

ఆదివారం గుర్రమెక్కాను. ఇసుకలో లాగి పెట్టిన ఒక నీలం పడవ దాకా హుందాగా నడిచింది. అక్కడ దానంతటదే వెనక్కి తిరిగి, బయల్దేరిన చోటికొచ్చి ఆగింది. దిగమన్నట్టు మెడ తిప్పి నన్ను చూసింది. మళ్లీ తోలాను. మళ్లీ పడవ, మళ్లీ వెనక్కి.

"దాని డూటీ అంతవరకేనమ్మా" అన్నాడు ముసలాయన.

టీ ఫ్లాస్కు పట్టుకుని వెంట వచ్చిన మా ఆయన కాసేపు ఆలోచించి, "ఒసే, అది తిరక్క ముందే దిగిపో. మళ్లీ ఎక్కితే కొత్త బేరమనుకుంటాది" అన్నాడు.

నిజంగానే అనుకుంది. దిగి, ఎక్కి, కొంత దూరం పోయి, మళ్లీ దిగి, మళ్లీ ఎక్కి, తీరం వెంట పోతూనే ఉన్నాను. మా ఆయన ఫ్లాస్కుతో వెనకే నడిచొచ్చాడు. వలలు బాగుచేసుకుంటున్న వాళ్లు పని ఆపి చూశారు. "ఆవిడికేటో మొక్కు ఉన్నాదిరా" అన్నాడొకడు. ఇంకొకడు నాకు దణ్ణం పెట్టాడు. హెల్మెట్‌తోనే తిరిగి దణ్ణం పెట్టాను.

బయల్దేరిన చోటు కనబడనంత దూరం వచ్చాక, ఇక చాలని గుర్రాన్ని వెనక్కి తిప్పాను. ఇంటి ముఖమని దానికి తెలిసిపోయింది. ఎక్కడా ఆగలేదు. పరుగందుకుంది. చెవుల్లో గాలి, కింద తడి ఇసుక, నోటి నిండా నా అరుపే. భయంతో మొదలైన అరుపు మధ్యలో ఎక్కడో సంతోషంగా మారిపోయింది.

బయల్దేరిన చోటికొచ్చి గుర్రం ఆగాక నా కాళ్లు కదల్లేదు. ముసలాయన, ఒక ఐస్‌క్రీం బండతను కలిసి నన్ను బస్తాలా దించి ఇసుక మీద పడుకోబెట్టారు. వచ్చే ఆదివారం కూడా గుర్రం కావాలని పడుకునే చెప్పాను. చాలాసేపటికి మా ఆయన రొప్పుతూ వచ్చాడు.

"పడిపోనావా?"

"లేదు," అన్నాను, "దిగాను."